ఫోను ఒడ్డునే ఉంది

ఆ ఫొటో నేను దొంగిలించలేదు. లోకమంతా చూడొచ్చని బయట పెట్టిన ఫొటోనే తీసుకున్నాను. ఈ మాట ఏడాదిగా ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. అడిగినవాళ్లకు చెప్పాను, అడగనివాళ్లను ఆపి మరీ చెప్పాను. మా ఆవిడ ఒకరోజు కంచం పెడుతూ, "ఇంక చాల్లే, అన్నం తిను" అంది. అప్పటినుంచీ ఇంట్లో చెప్పడం మానేశాను.

నా పేరు పెంచలకృష్ణ. పద్దెనిమిదేళ్లుగా మండల విలేకరిని. మాది కొడవలూరు దగ్గర వరి పండించే ఇల్లు. చేలో నిలబడితే ఏ మడికి ఎప్పుడు నీళ్లు పెట్టాలో చెప్పగలను గానీ, సముద్రం సంగతి నాకు తెలిసింది తక్కువ. తెలియదని ఒప్పుకునే అలవాటు మాత్రం బొత్తిగా లేదు. విలేకరికి తెలియనిదేముంటుందని మావాళ్లందరికీ ఒక పొగరు. నాకది ఇంకో పాలు ఎక్కువే.

ఆ మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు కట్టపాలెం సరుగుడు తోపులో నరసయ్య శవం కనిపించింది. నలభై ఏళ్ల మనిషి, సొంత బోటు ఉన్నవాడు. తెల్లారి అయిదింటికి కొట్టు దగ్గర టీ తాగి తోపు వైపు నడిచాడట. మళ్లీ ఎవరూ చూడలేదు. తల వెనక గట్టి దెబ్బ ఉంది, పక్కన ఏ ఆయుధమూ లేదు.

నేను పోయేసరికి మగవాళ్లు శవం చుట్టూ నిలబడి ఉన్నారు. ఒక్కడూ మాట్లాడటం లేదు. అరిచే జనమంటే నాకు భయం లేదు, అరిచి అరిచి అలిసిపోతారు. నోరు మూసుకుని నిలబడే జనాన్ని చూస్తేనే నా కాళ్లు వెనక్కి లాగుతాయి. నరసయ్య తల్లి కామమ్మ కొడుకు తల దగ్గర కూర్చుని, మొహం మీద పడిన సరుగుడు ఆకును ఒక్కొక్క పుల్లే తీస్తోంది. ఆమె ఏడవలేదు.

"వీళ్లు ఎవురి మీదా అనుమానం చెప్పలేదు. నువ్వు కూడా కథలల్లబాకయ్యా" అన్నాడు ఎస్సై.

సరేనన్నాను. సాయంత్రం నాలుగింటికి నెల్లూరు డెస్కు నుంచి సుశీల్ కుమార్ ఫోను చేశాడు. ముప్పై ఏళ్లుండవు వాడికి, మా వెబ్‌సైటుకు వాడే పెద్ద.

"అన్నా, శవం ఫొటో అందరూ పెట్టేసినారు. మనకు కొత్తది ఏందన్నా? పాత గొడవలేమీ లేవా?"

గొడవ ఉంది. పది రోజుల కిందట నరసయ్య బోటు తగిలి, పక్కనున్న నడిమిపాలెం కుర్రాడు ముఖేష్ వల చిరిగింది. ఇద్దరూ ఒడ్డున చొక్కాలు పట్టుకున్నారు. రెండు ఊళ్ల పెద్దలూ కూర్చుని సర్దేశారు. నేనే అప్పుడు నాలుగు లైన్ల వార్త రాశాను.

ఫేస్‌బుక్ తెరిచి ముఖేష్ పేరు కొట్టాను. గుండె ఒక్కసారి ఎగిరింది. సంతోషంతోనే ఎగిరింది, దాచడమెందుకు! ఆ రోజే, మంగళవారం పొద్దున ఆరూ పదికి, వాడి ఖాతాలో ఒక ఫొటో పడి ఉంది. చేతిలో మూరెడు చేపల కత్తి, పళ్లు బిగించిన మొహం, కాలి కింద పెద్ద సొరచేప. కింద మాట: "అడ్డమొస్తే ఎవుడికైనా ఇదే గతి."

పైన సన్నటి అక్షరాలతో 'మూడేళ్ల కిందటి జ్ఞాపకం' అని ఉంది. చూశానా? చూశాను. ఇప్పుడు చూడలేదని చెబితే మీరు నమ్ముతారేమో గానీ, నేను చూశాను. పాతదైతే ఏం, ఈ రోజే ఎందుకు బయటికి తీశాడు, పనిగట్టుకుని తీశాడంటే బెదిరింపే కదా అని నాకు నేనే వాదించుకుని గెలిచాను. ఆ సన్నటి అక్షరాలను కత్తిరించాను. సొరచేపనూ కత్తిరించాను. కత్తీ, మొహమూ, మాటా మిగిలాయి.

వాడి ఫోను నంబరు ఆ పేజీలోనే ఉంది. నొక్కితే మోగేది. నొక్కలేదు. నొక్కితే వాడు "నాకేం తెలవదన్నా" అంటాడు, అదీ రాయాల్సి వస్తుంది, అప్పుడు వార్త చప్పబడిపోతుంది. అంతే కారణం, ఇంకేం లేదు.

'హత్యకు ముందే హెచ్చరిక?' అని శీర్షిక పెట్టాను. చివర ఆ ప్రశ్న గుర్తు ఉంటే మాకు ఏ పాపమూ అంటదని మా నమ్మకం. ఆరింటికల్లా వెబ్‌సైటులో పడింది. నా ఫేస్‌బుక్ పేజీలో కూడా పెట్టుకున్నాను. "కుమ్మేసినావన్నా!" అని సుశీల్ కుమార్ మెసేజ్ పెట్టాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడు, బుధవారం పొద్దున తొమ్మిదింటికి, బస్టాండు పక్కనున్న నా గది షట్టర్ ఎత్తుతుంటే ఒకమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. కాళ్లనిండా ఇసుక. కృష్ణపట్నం కంపెనీ బస్సును చెయ్యెత్తి ఆపి, బతిమాలి ఎక్కి వచ్చిందట.

"పెంచలకృష్ణ అంటే నువ్వేనా అన్నా?"

"ఆ, నేనే. ఏందమ్మా?"

చేతిలోని ఫోను నా బల్ల మీద పెట్టింది. అద్దం ఒక మూల పగిలి ఉంది. తెర మీద పెళ్లి బట్టల్లో ఆ అమ్మాయీ, ముఖేషూ ఉన్నారు.

"నేను ముఖేష్ పెళ్లాన్ని. గంగాభవాని. ఇది ఆయన ఫోను. సోమారం పొద్దుగూకేటప్పుడు బోటెక్కినాడు. ఈ పొద్దు మధ్యాన్నం దాకా రాడు. ఫోను నా కాడే ఉండాది."

"ఫోను లేకుండా రెండు రోజులు సముద్రం మీద ఎట్టా ఉంటాడమ్మా? చెప్పేదానికైనా ఉండాల" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. "మా పాలెంలో ఎవురూ ఫోను బోటెక్కించరన్నా. రెండేళ్ల కింద ఒకడు ఫోను చూసుకుంటా వల తాడులో కాలేసి నీళ్లలోకి పొయ్యాడు. మళ్లీ తేల్లేదు. ఆ దినం పెద్దలు దురాయి పెట్టినారు. మగోళ్లు ఏటకు పోతే ఫోన్లు ఇంట్లో ఆడోళ్ల కాడే. సముద్రం పక్కన పనిజేసేవాడివి, ఇది కూడా తెలవదా నీకు?"

దురాయి అంటే మత్స్యకార పెద్దల కట్టుమాట. దాటితే ఆ ఊళ్లో నిప్పు కూడా పుట్టదు. ఆ మాట నేను వందసార్లు రాశాను. ఈ ఫోన్ల దురాయి సంగతి మాత్రం నాకు తెలియదు. నా నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

"మరి ఆ ఫొటో ఎవరు పెట్టినారు?"

"నేనే." చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "పొద్దన్నే ఫోను టింగుమనింది. మూడేళ్ల నాటి ఫొటో చూపించింది. వలంతా చించేసిన సొరన్నా అది, కష్టపడి లాక్కొచ్చినాడు. ఆ ఫొటో మా నాయనకు చూపించే ఈ పిల్లోణ్ణే చేసుకుంటానని పట్టుబట్టినా. ముద్దుగా ఉండాడని షేర్ మీట నొక్కినా. అంతేన్నా. నరసయ్య మామ చచ్చిపొయినాడని అప్పటికి నాకెట్టా తెలుసు?"

బల్ల మీది ఫోనును ఆమె వైపు జరిపాను.

"నువ్వు ఒక్క తూరి ఫోను చేసుంటే నేనే ఎత్తేదాన్ని గదన్నా."

ఆ మాట తిట్టులా అని ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి, నా నోరు అలాంటిది. ఆమె మామూలుగా అంది. నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. నడిమిపాలెం ఒడ్డు ఇసుక మేట పడి బోట్లు దిగే వీలు లేదు. ఆ చుట్టుపక్కల బోట్లన్నీ కట్టపాలెం మొగలోనే, ఏరు సముద్రంలో కలిసే చోటే దిగాలి. ఐసు లారీ అక్కడికే వస్తుంది, చేపల వేలంపాట అక్కడే జరుగుతుంది. ముఖేష్ బోటు పన్నెండింటికి అక్కడికే వస్తుంది. నరసయ్య చచ్చిపోయాడనీ వాడికి తెలియదు, చంపింది తానేనని ఊరంతా చదివిందనీ తెలియదు. బోటులో వైర్‌లెస్ సెట్టు చెడిపోయి రెండు నెలలైంది.

"ఇంకో బోటెక్కి ఎదురు పోయి చెప్పకూడదా?"

"నరసయ్య మామ మట్టికి పొయ్యేదాకా ఏ బోటూ నీళ్లలో దించకూడదని రెండు పాలేల్లోనూ చెప్పినారు. ఇప్పుడు దించితే దొంగని తప్పించేదానికే అంటారు. మా పెద్దకాపు మస్తానయ్య తాత తెల్లారే కట్టపాలెం పొయ్యి చెప్పినాడన్నా. ఆయన్ని కూర్చోమని కూడా అన్లేదంట. నీ వార్త ఆయన మొహానికే చూపించి పొమ్మన్నారు."

సుశీల్ కుమార్‌కు ఫోను చేశాను. వార్త వెంటనే తీసేయమన్నాను.

"తీసేయమంటే ఎట్టన్నా? రెండు లక్షల మంది చూసినారు. పైవాళ్లను అడగాల. సాయంత్రం వివరణ వేద్దాంలే. ఆ అమ్మాయి నీ కాడే ఉందా? ఏడస్తా ఉంటే ఒక వీడియో తీసుకో, మంచి ఫాలోఅప్ అవద్ది."

"ఒరే, మనిషివేనా నువ్వు! పన్నెండింటికి వాణ్ణి చంపేస్తారు, సాయంత్రం నీ వివరణ ఎవడి తద్దినానికి?" అని అరిచాను. లైను కట్టయింది. వాణ్ణి తిడుతుంటే కాస్త తేలికగా అనిపించింది. నిన్న సాయంత్రం వాడికి పంపింది ఎవరో గుర్తొచ్చి ఆ తేలికా పోయింది. ఎస్సైకీ ఫోను చేశాను, నెల్లూరులో పోస్టుమార్టం దగ్గర ఉన్నాడు. జీపు పంపిస్తానన్నాడు, ఎంతసేపట్లో అంటే చెప్పలేదు.

గంగాభవానిని బండి మీద ఎక్కించుకున్నాను. పద్నాలుగు కిలోమీటర్లు. రెండు పక్కలా రొయ్యల గుంతలు, వాటిలో తిరిగే చక్రాల చప్పుడు, దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు. దారిలో ఒక్క మనిషి ఎదురు రాలేదు. ఏ దినమైనా ఆ వేళకు చేపల బుట్టలతో ఆడవాళ్లు వస్తూ ఉంటారు. వెనక నుంచి ఆ ఫోను టింగుమంటూనే ఉంది.

"అన్నా, ఆ ఫొటో కింద ఎవురెవురో రాస్తా ఉండారు."

"చదవబాకమ్మా."

మళ్లీ అంది. "ఒడ్డుకు రా అని పెట్టినారన్నా ఒకరు. దాని కింద ఇరవై మంది అదే మాట పెట్టినారు."

నేను బండి వేగం పెంచాను.

పదకొండూ పావుకు కట్టపాలెం చేరాం. మొగ దగ్గర ఒడ్డున అరవై మంది దాకా మగవాళ్లు బోర్లించిన బోట్ల మీద కూర్చుని ఉన్నారు. తెడ్లు ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నారు. ఒక చేతిలో ఫోను, చూపు నీళ్ల మీద. ఆడవాళ్లలో కామమ్మ ఒక్కతే ఉంది, ఇసుకలో కాళ్లు చాపుకుని. ఐసు లారీ ఎందుకో రాలేదు. పాట పాడేవాడూ రాలేదు.

నేను మధ్యకు పోయి నిలబడ్డాను. గట్టిగానే చెప్పాను. "అన్నా, ఆ వార్త రాసింది నేను. అది తప్పు. ముఖేష్ సోమారం నుంచి సముద్రం మీదే ఉండాడు. ఆ ఫొటో పెట్టింది ఈ పిల్ల. నేను కనుక్కోకుండా రాసినా. కొడితే నన్ను కొట్టండి."

ఎవరూ లేవలేదు. ముందున్నవాడు తన ఫోను నా వైపు తిప్పాడు. నా వార్తే, కానీ నా పేరు లేదు, పత్రిక పేరు లేదు. ముఖేష్ మొహం చుట్టూ ఎవరో ఎర్రటి సున్నా చుట్టారు. నా ప్రశ్న గుర్తు ఎక్కడో రాలిపోయింది. 'హత్యకు ముందే హెచ్చరిక' అని మాత్రం ఉంది.

"ఇది నువ్వు రాసిందేనా?" అన్నాడు.

"నేనే. కానీ..."

"ఉండు" అంది కామమ్మ. తల ఎత్తి నా వైపు చూసింది. "నిన్న నిజమని రాసినావు. ఈ పొద్దు అబద్ధమంటా ఉండావు. ఏ దినం చెప్పింది నమ్మాల నాయనా?"

"ఇప్పుడు చెప్పేది నమ్మమ్మా. నీ కాళ్లు పట్టుకుంటా."

"రాయి. నిన్న రాసినట్టే రాయి. అందులో చూపించు. చదివించుకుని నమ్ముతా."

న్యాయమే అడిగింది. సుశీల్ కుమార్‌కు ఆరుసార్లు చేశాను, ఎత్తలేదు. నా ఫేస్‌బుక్‌లోనే రాశాను. 'నేను రాసిన వార్త తప్పు. ముఖేష్ నిర్దోషి.' రెండుసార్లు తప్పు కొట్టి చెరిపాను. ఎక్కించాను. అక్కడ సిగ్నల్ అంతంత మాత్రమే. ఆ చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. నిన్న అబద్ధం నెల్లూరు జిల్లా అంతా నిమిషంలో పాకింది, ఈ రోజు నిజం నా చేతిలోంచి కదలడం లేదు. ఆ చక్రాన్ని కామమ్మకు చూపించాను. ఆమెకు అదేమిటో తెలియదు.

ఎవరో "అదిగో" అన్నారు.

నీలం బోటు. గంగాభవాని మోకాళ్ల లోతు నీళ్లలోకి పరిగెత్తింది. పమిట చేత్తో పట్టి పోవాలన్నట్టు ఊపింది, వెనక్కి, వెనక్కి అని. గొంతు పగిలేలా అరిచింది. గాలి ఒడ్డు నుంచి కాదు, సముద్రం నుంచి కొడుతోంది. ఆ అరుపు మా మీదికే తిరిగొచ్చింది. బోటు ముందు భాగాన నిలబడ్డవాడు ఆమెను గుర్తుపట్టాడు. పెళ్లాం ఎదురొచ్చిందని మురిసిపోయినట్టున్నాడు. వంగి, ఒక పెద్ద వంజరం చేపను తోక పట్టి తలపైకెత్తి చూపించాడు.

నా వెనక అరవై మందీ ఒకేసారి లేచి నిలబడ్డారు.

తర్వాత జరిగింది రాయను. పద్దెనిమిదేళ్లలో ఇలాంటివి ఎన్నో రాశాను, ఎక్కడ ఎన్ని దెబ్బలో, రక్తం ఎంత దూరం కారిందో పూసగుచ్చినట్టు రాశాను. ఇది రాయను. నేను మధ్యలోకి పోయాను, ఒక తెడ్డు నా భుజం మీద పడింది, అంతే. ఆ తర్వాత ఇసుకలోంచి నాకు లేవడం చేతకాలేదు. జీపు వచ్చేసరికి ఒంటిగంట దాటింది.

నా జేబులో ఫోను మోగింది. సుశీల్ కుమార్ మెసేజ్. 'అన్నా స్పాట్‌లోనే ఉన్నావంట కదా. వీడియో ఉందా?' ఫోను సముద్రంలోకి విసిరేయాలనిపించింది. విసరలేదు. తుడిచి జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం నెల్లూరు ఆసుపత్రిలో, తెల్లగుడ్డ కప్పిన స్ట్రెచర్ పక్కన గంగాభవాని గోడకానుకుని కూర్చుని ఉంది. ఆ ఫోను ఒళ్లోనే ఉంది. నన్ను చూసి అడిగింది.

"అన్నా, నేను నొక్కినందుకా? నువ్వు రాసినందుకా?"

దానికి ఒకటే జవాబు. 'నేను రాసినందుకమ్మా, నీ తప్పు ఆవగింజంత లేదు.' ఎదురుగా కానిస్టేబుల్ ఉన్నాడు, ఇద్దరు విలేకర్లు ఉన్నారు. కేసు అవుతుందేమోనని నా నాలుక వెనక్కి పోయింది. "అంతా ఖర్మమ్మా" అన్నాను. ఛీ! ఆ పిల్ల తలూపింది. నమ్మినట్టే తలూపింది.

పంతొమ్మిది రోజులకు అసలువాడు దొరికాడు. నరసయ్య బోటులో వాటాదారుడు, కట్టపాలెంవాడే. శవం చుట్టూ నిలబడ్డవాళ్లలో వాడూ ఉన్నాడు. ఆ రోజు ఒడ్డున తెడ్డు పట్టుకున్నవాళ్లలోనూ ఉన్నాడట. లోపలి పేజీలో మూడు లైన్లు వేశారు. కింద 'చింతిస్తున్నాం' అని ఇంకో లైను. ఉద్యోగం వదిలేశానని చెప్పుకోగలిగితే బాగుండేది. వదల్లేదు. నేర వార్తలు ఇంక రాయనని చెప్పాను, సరేనన్నారు. ఇప్పుడు వడ్ల ధరలూ, కాలువ నీళ్లూ రాస్తున్నాను.

నాలుగు రోజుల కిందట, పొద్దున ఆరింటికి, పక్క మీద ఉండగానే నా ఫోను టింగుమంది. ఫేస్‌బుక్. 'పెంచలకృష్ణ గారూ, ఏడాది కిందటి మీ జ్ఞాపకం' అంది. కత్తి, పళ్లు బిగించిన మొహం, నా శీర్షిక, నా ప్రశ్న గుర్తు. నా పేజీలోంచి దాన్ని ఏనాడూ తీసేయలేదు. కింద నీలం మీట: మళ్లీ షేర్ చేయండి.

లేచి కూర్చున్నాను. ముఖేష్ ఫోను ఆ అమ్మాయి దగ్గరే ఉంది. అందులోనూ ఈ పొద్దు ఆ ఫొటో వచ్చి ఉంటుంది. ఏటా వస్తుంది.

ఏడాది కిందట నొక్కని నంబరు నొక్కాను. ఆరోజు చెప్పాల్సిన జవాబు ఈ రోజైనా చెబుదామనుకున్నాను. ఒక్క మోత మోగిందో లేదో, ఎత్తింది. ఆరోజు చెప్పినట్టే, తనే ఎత్తింది.

"అమ్మా, నేను పెంచల..."

"తెలుసన్నా. నాకూ చూపించింది."

వెనక సముద్రం హోరు వినిపిస్తోంది.

"భయపడబాకన్నా" అంది. "ఈ తూరి నేను నొక్కలేదులే."